సెల్ఫ్ తిరిగినా బండి అందుకోవట్లేదా? పాత కారులో ఇమ్మొబిలైజర్, స్టార్టింగ్ ట్రబుల్ వరసగా పట్టుకునే పద్ధతి

పదేళ్లు దాటిన కారు పొద్దున్నే స్టార్ట్ కాదు. మీటర్లో తాళం గుర్తు మిణుకుమిణుకుమంటుంది. చూసినవాళ్లు "ఇమ్మొబిలైజర్ పోయింది" అని తేల్చేస్తారు. ఆ మాట పడగానే ఒకరు డాష్‌బోర్డ్ కింద బాక్సు విప్పుతారు, ఇంకొకరు వైర్లు కోసి డైరెక్ట్ చేసేస్తామంటారు. ఆ రెండూ జరగనివ్వకండి. ఇమ్మొబిలైజర్, అంటే తాళంలో చిప్పు సరిపోతేగానీ ఇంజన్‌ని నడవనివ్వని దొంగతన రక్షణ బాక్సు, తనంతట తాను పాడవడం అరుదు. దానికి సరిపడా కరెంటు అందకపోవడం, ఎర్త్ తెగడం, తాళంలో చిప్పు లేకపోవడం మాత్రం తరచూ జరుగుతాయి. ఈ మూడూ తేలాకే బాక్సు మీద అనుమానం పెట్టుకోవాలి.

మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం లాంటి ఒడ్డు ఊళ్లలోనూ, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల పక్కన నిలిపే బండ్లలోనూ ఉప్పు గాలికి రాగి వైర్లు లోపల్లోపలే చిలుము పడతాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము కనెక్టర్లలో పేరుకుంటుంది. కనిగిరి, మార్కాపురం ఎండకు బ్యాటరీలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. కాబట్టి కింద చెప్పే వరసలో కరెంటు, ఎర్త్ ముందు వస్తాయి. ఆ వరస మార్చకండి.

చేతిలో ఉండాల్సినవి

ఒక డిజిటల్ మల్టీమీటర్, మామూలు రకం చాలు. 12 వోల్టుల బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపు. 10, 12 నంబర్ పానాలు. లావు తీగ ఉన్న జంపర్ కేబుల్ జత. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సన్న గరుకు కాగితం, కొంచెం వాసెలిన్. అన్నిటికన్నా ముఖ్యమైనది బీరువాలో దాచిన రెండో తాళం. దాన్ని ముందే తీసి దగ్గర పెట్టుకోండి.

ప్రతిసారీ గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలి. బానెట్ తెరిచి పని చేసేటప్పుడు లుంగీ అంచు, కండువా, చున్నీ ఫ్యాను బెల్టు దగ్గరికి రాకుండా చూసుకోండి. సెల్ఫ్‌ని ఒక దఫాకి 10 సెకన్లకి మించి తిప్పకండి. మళ్లీ తిప్పేముందు కనీసం అర నిమిషం ఆగండి. ఆగకుండా తిప్పితే మోటర్ కాలుతుంది, ఉన్న కాస్త బ్యాటరీ కూడా దిగిపోతుంది.

ఇమ్మొబిలైజర్ చేసే పని

తాళం ప్లాస్టిక్ తలలో గోరంత చిప్పు ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ, ప్లాస్టిక్ మూత కింద, రింగులా ఒక కాయిల్ ఉంటుంది. కీ ఆన్ చేయగానే ఆ కాయిల్ చిప్పుకి కరెంటు పుట్టించి, దాని నంబరు చదువుతుంది. నంబరు సరిపోతే ఇమ్మొబిలైజర్ బాక్సు ఇంజన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీఎంకి, "సరే" అని చెబుతుంది. సరిపోకపోతే ఈసీఎం ఇంజెక్టర్లనో స్పార్క్‌నో ఆపేస్తుంది. కొన్ని బండ్లలో సెల్ఫ్ కూడా తిరగనివ్వదు.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. రిమోట్‌లో వేసే బిళ్ల బ్యాటరీ డోర్లు తెరవడానికి, మూయడానికి మాత్రమే. గుచ్చి తిప్పే తాళమైతే ఆ బ్యాటరీ పూర్తిగా అయిపోయినా బండి స్టార్ట్ కావాలి. అలాగే రిమోట్ పనిచేస్తోంది కాబట్టి చిప్పు కూడా బాగుందని అనుకోకూడదు. రెండూ వేర్వేరు.

ముందు చూడండి, వినండి

కీ ఆన్ చేయండి. సెల్ఫ్ కొట్టకండి. మూడు సెకన్లు ఆగి మీటర్ చూడండి, వెనక సీటు కింద పెట్రోలు పంపు మోగుతోందేమో చెవిపెట్టి వినండి.

చాలా బండ్లలో తాళం లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతే చిప్పుని గుర్తించినట్టు. ఆగకుండా మిణుకుతుంటే గుర్తించనట్టు. హోండాల్లో ఆ లైటు ఆకుపచ్చ రంగులో ఉంటుంది. కొన్ని మోడళ్లలో ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా నిలకడగా వెలిగే ఉంటుంది, అది తప్పు కాదు. తాళం తీసేశాక డాష్‌బోర్డ్ మీద ఎర్ర చుక్క నెమ్మదిగా మిణుకుతుంటే అది కాపలా గుర్తు, ఫాల్టు కాదు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అందుకని బండి చక్కగా నడుస్తున్న రోజునే కీ ఆన్ నుంచి ఇంజన్ అందుకునేదాకా మీటర్‌ని ఫోన్లో వీడియో తీసి ఉంచుకోండి. చెడిన రోజు పోల్చుకోవడానికి అంతకు మించిన మాన్యువల్ లేదు.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. జరిగేది ఈ కింది వాటిలో ఒకటై ఉంటుంది.

అసలు చప్పుడే లేకపోతే, లేదా ఒకే ఒక్క "టక్" వినిపిస్తే, అది సెల్ఫ్ వైపు లోపం. "టకటకటక" అని వరసగా కొట్టుకుంటూ మీటర్ లైట్లు మసకబారితే బ్యాటరీయో, దాని కనెక్షన్లో. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ ఒక్కసారి కూడా అందుకోకపోతే పెట్రోలు, స్పార్క్, క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పేది), ఇమ్మొబిలైజర్, ఈ నాలుగింటిలో ఒకటి. ఇంజన్ అందుకుని ఒకటి రెండు సెకన్లలో టక్కున ఆగి, ప్రతిసారీ సరిగ్గా అదే తీరుగా ఆగుతుంటే ఇమ్మొబిలైజర్ మీద అనుమానానికి గట్టి ఆధారం ఉన్నట్టే. అదే ఇంజన్ కొట్టుకుంటూ, వణుకుతూ మెల్లగా ఆగిపోయి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే నిలబడుతుంటే దానికీ తాళానికీ సంబంధం లేదు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని సర్దే థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు కార్బన్ పట్టి ఉంటాయి, శుభ్రం చేయించండి.

బ్యాటరీ

బండి రాత్రంతా నిలిచి ఉన్నాక బ్యాటరీ ముళ్ల (టెర్మినల్స్) మీద మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే ఛార్జింగ్ పెట్టకుండా ముందుకు వెళ్లకండి, ఆ స్థితిలో చేసే ఏ పరీక్షా నమ్మదగింది కాదు. బండి అప్పుడే ఆపి ఉంటే హెడ్‌లైట్లు ఒక నిమిషం వేసి ఆర్పి, ఆ తర్వాత చూడండి. లేకపోతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

అసలు పరీక్ష సెల్ఫ్ తిరిగేటప్పుడు. ఒకరు కీ తిప్పుతుంటే ఇంకొకరు మల్టీమీటర్ చూడాలి. 9.6 వోల్టుల కిందికి పడకూడదు. పాత బ్యాటరీ నిలిచి ఉన్నప్పుడు 12.5 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 8కి జారుతుంది. అప్పుడు సెల్ఫ్ ఏదో తిరిగినట్టే ఉంటుంది కానీ ఈసీఎం, ఇమ్మొబిలైజర్ బాక్సు రెండూ ఆరి మళ్లీ వెలుగుతాయి. తాళం లైటు మిణుకుతుంది. ఇమ్మొబిలైజర్ పోయిందని పొరపడేది ఎక్కువగా ఇక్కడే. వేరే మంచి బ్యాటరీతో జంపర్ పెట్టి చూస్తే మిణుకు పోతుంది, బండి అందుకుంటుంది, సంగతి తేలిపోతుంది.

జంపర్ పెట్టే వరస: ఎర్ర కేబుల్ మీ బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కి, ఆఖరి కొస మీ ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. ఆఖరి కొసని మీ బ్యాటరీ ముల్లు మీద పెట్టకండి, అక్కడ లేచే నిప్పురవ్వకి బ్యాటరీ గ్యాసు అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా రావాలి. 13 కూడా రాకపోతే కొత్త బ్యాటరీ కొన్నా లాభం లేదు, ఆల్టర్నేటర్ చూపించాలి. మూత తెరిచే రకం బ్యాటరీ అయితే రోహిణి కార్తె రాకముందే ఒకసారి, ఎండలున్నన్నాళ్లూ నెలకోసారి నీళ్లు చూడండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పోయకండి.

టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పూత కడితే ముందు మైనస్ విప్పి, తర్వాత ప్లస్ విప్పండి. గ్లాసు వేడి నీళ్లలో చెంచా వంట సోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. బ్యాటరీ మూతల సందుల్లోకి సోడా నీళ్లు పోకూడదు. ఆరాక ముల్లునీ క్లాంపు లోపలి వైపునీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ప్లస్ ముందు, మైనస్ ఆఖరున బిగించి, పైన పల్చగా వాసెలిన్ రాయండి. బిగించాక క్లాంపుని చేత్తో తిప్పితే కదలకూడదు. క్లాంపు వదులైందని సందులో రేకు ముక్క దూర్చడం మన దగ్గర మామూలైపోయింది. అది నాలుగు రోజులే పనిచేస్తుంది. కొత్త క్లాంపు వేయించండి.

ఎర్త్ వైరు: ఎవరూ చూడని చోటు

బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒక వైరు, ఇంజన్‌కో గేర్‌బాక్సుకో ఇంకో వైరు వెళ్తాయి. సెల్ఫ్ లాగే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు తిరిగి రావాల్సింది ఈ దారినే. ఒడ్డు ఊరి బండిలో ఈ వైరుని చేత్తో పట్టి వంచి చూడండి. పైన నల్ల తొడుగు బాగానే ఉంటుంది. బోల్టు దగ్గర తొడుగు ఉబ్బినట్టు కనిపిస్తే బ్లేడుతో అంగుళం మేర చీల్చండి. లోపల ఎర్రగా మెరవాల్సిన రాగి పోగులు పచ్చని పొడిగా మారి, వేలితో నలిపితే రాలిపోతాయి. నాలుగు పోగులు మిగిలినా మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, టెస్ట్ ల్యాంపు వెలుగుతుంది, హెడ్‌లైట్లు కూడా వెలుగుతాయి. సెల్ఫ్ కొట్టినప్పుడే గుట్టు బయటపడుతుంది.

కాబట్టి పరీక్ష కూడా సెల్ఫ్ తిరిగేటప్పుడే చేయాలి. మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ ముల్లు మీద, ఎర్ర ముల్లు ఇంజన్ ఇనుము మీద ఆనించండి. సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే ఎర్త్ దారిలో లోపం ఉంది. ఇలాగే ప్లస్ వైపు కూడా: ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి సెల్ఫ్ మోటర్ లావు వైరు బోల్టు మీద. అక్కడ కూడా 0.5కి మించకూడదు. పరీక్ష మధ్యలో ఇంజన్ స్టార్ట్ అవుతుంటే పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి చేయండి.

మల్టీమీటర్ లేకపోతే దగ్గరి దారి ఉంది. జంపర్ నల్ల కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజన్ బోల్టుకి పెట్టి సెల్ఫ్ కొట్టండి. జోరుగా తిరిగిందంటే ఎర్త్ వైరు మార్చాలి. మార్చేటప్పుడు ఉన్నదానికంటే సన్న వైరు వేయనివ్వకండి. లగ్గు (వైరు కొసకి ఉండే బోల్టు బిళ్ల) ఆనే చోట రంగు, తుప్పు గీకి ఇనుము కనిపించాలి.

సెల్ఫ్ అసలు తిరగకపోతే

బ్యాటరీ, ఎర్త్ బాగున్నాయని తేలాక సెల్ఫ్ మోటర్ దగ్గరికి వెళ్లండి. దానికి బ్యాటరీ నుంచి లావు వైరు, కీ వైపు నుంచి సన్న వైరు వస్తాయి. సన్న వైరు కొసకి టెస్ట్ ల్యాంపు పెట్టి కీ తిప్పించండి. బల్బు ప్రకాశంగా వెలిగి మోటర్ కదలకపోతే లోపం మోటర్‌లోనే: మోటర్‌కి కరెంటు కలిపే సోలినాయిడ్‌లో రాగి బిళ్లలు కాలి ఉంటాయి, లేదా బ్రష్‌లు అరిగి ఉంటాయి. చెక్క పిడితో మోటర్ ఒంటి మీద మెల్లగా తట్టుతూ కీ తిప్పితే తిరిగిందనుకోండి, బ్రష్‌లే. ఆ రోజుకి ఇల్లు చేరతారు, మర్నాడు మోటర్ విప్పించాలి.

బల్బు వెలగకపోతే కరెంటు దారిలో ఎక్కడో ఆగింది. స్టార్టర్ రిలే ఉంటే దాని మీద ఉన్న నంబరే హారన్ రిలే మీద కూడా ఉందేమో చూసి, రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే బండ్లలో క్లచ్ పెడల్ పైన చిన్న స్విచ్ ఉంటుంది, దాని ప్లాస్టిక్ బిళ్ల విరిగి రాలిపోతుంటుంది. ఆటోమేటిక్ బండి అయితే పార్క్‌లో బదులు న్యూట్రల్‌లో పెట్టి కొట్టండి. ఆ తర్వాతిది ఇగ్నిషన్ స్విచ్. తాళం తిరిగే బ్యారెల్ వేరు, దాని వెనక ఉండే కరెంటు స్విచ్ వేరు. పాత బండ్లలో వెనక ఉండే స్విచ్ కాంటాక్టులే కాలుతాయి. కీని స్టార్ట్ దగ్గర అటూ ఇటూ కొంచెం కదిపితే సెల్ఫ్ పట్టుకుంటూ వదులుతుంటే అదే. స్విచ్ ఒక్కటే విడిగా దొరికే మోడల్ అయితే బ్యారెల్ మార్చక్కర్లేదు, తాళాలు కూడా అవే ఉంటాయి.

తాళం, చిప్పు, కాయిల్

కరెంటు బాగుండి, సెల్ఫ్ జోరుగా తిరుగుతూ, తాళం లైటు మిణుకుతూనే ఉంటే ఇప్పుడు తాళం వంతు.

గుత్తిలోంచి ఈ తాళం ఒక్కటీ విడదీయండి. ఇంకో కారు తాళమో, చిప్పున్న బైకు తాళమో అదే రింగులో ఉంటే కాయిల్ రెండు చిప్పుల్నీ ఒకేసారి చదవబోయి తికమకపడుతుంది. లావు ఇత్తడి బిళ్లలు, ఇనుప రింగులు కూడా అడ్డం వస్తాయి. తర్వాత రెండో తాళంతో ప్రయత్నించండి. దాంతో స్టార్ట్ అయితే బండిలో ఏ లోపమూ లేదు, మొదటి తాళం చిప్పు విషయమే చూడాలి.

ఇక్కడ ఎక్కువగా జరిగేది తాళం తొడుగు మార్పిడి. బటన్ రబ్బరు చిరిగిందనో, మడత తాళం ముచ్చటగా ఉందనో కొత్త షెల్ వేయిస్తారు. బ్లేడు కోసి, రిమోట్ సర్క్యూట్ తీసి కొత్త షెల్‌లో పెట్టేస్తారు. కానీ కొన్ని మోడళ్లలో చిప్పు ఆ సర్క్యూట్ మీద ఉండదు. బ్లేడు మొదట్లో, ప్లాస్టిక్‌లోనే చిన్న గూడులో, నల్లగా అరిగిన పెన్సిలు ములుకు ముక్కలా కూర్చుని ఉంటుంది. దాన్ని చెత్త అనుకుని పాత షెల్‌తో సహా పారేస్తారు. కొత్త తాళంతో డోరు తెరుచుకుంటుంది, రిమోట్ పలుకుతుంది, సెల్ఫ్ కూడా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. షెల్ మార్చిస్తే పాత షెల్‌ని ఇంటికి తెచ్చుకోండి, బండి స్టార్ట్ చేసి చూసేదాకా పారేయకండి. చిప్పు కిందపడితే పగలొచ్చు, కాబట్టి తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవకూడదు.

బస్టాండు దగ్గర తక్కువ ధరకి కోయించుకున్న డూప్లికేట్ తాళం సంగతీ ఇంతే. అది డోరుకీ డిక్కీకీ పనికొస్తుంది. లోపం చిప్పుదేనని తేల్చుకోవాలంటే డూప్లికేట్ తాళాన్ని స్విచ్‌లో పెట్టి, అసలు తాళం తలని దాని పక్కనే, రంధ్రం అంచుకి ఆనించి పట్టుకుని స్టార్ట్ చేయండి. అందుకుంటే బాక్సు, కాయిల్, ఈసీఎం అన్నీ బాగున్నట్టే. చేయాల్సింది చిప్పున్న తాళం చేయించి రిజిస్టర్ చేయించడమే.

రెండు తాళాలతోనూ మిణుకు ఆగకపోతే ఫ్యూజులు చూడండి. ఫ్యూజు బాక్సు మూత లోపల బొమ్మలో ఇమ్మొబిలైజర్, ఈసీఎం, మీటర్, బ్యాకప్ అని ఉన్నవన్నీ చూడాలి. కంటితో చూసి బాగుందనుకోకండి. కీ ఆన్‌లో పెట్టి ఫ్యూజు పైన కనిపించే రెండు చుక్కల మీదా టెస్ట్ ల్యాంపు ఆనించండి, రెండు వైపులా వెలగాలి. ఫ్యూజు తీసినప్పుడు దాని కాళ్లు పచ్చగా ఉంటే గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పెట్టండి. ఈసీఎంకి, ఇమ్మొబిలైజర్ బాక్సుకి వెళ్లే వైర్ల మీద మాత్రం బల్బు టెస్టర్ పెట్టకండి, అది లాగే కరెంటుకి లోపలి భాగాలు దెబ్బతినొచ్చు. అక్కడ మల్టీమీటరే వాడాలి.

తర్వాత కాయిల్. బ్యాటరీ మైనస్ విప్పి, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ స్క్రూలు తీస్తే రంధ్రం చుట్టూ నల్ల రింగు, దాని నుంచి చిన్న కనెక్టర్ కనిపిస్తాయి. కనెక్టర్‌ని ఊడదీసి, స్ప్రే కొట్టి, మూడు నాలుగుసార్లు పెట్టి తీయండి. పాత బండ్లలో చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది. రెండు వైర్ల కాయిల్ అయితే మల్టీమీటర్‌ని ఓముల్లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టి చూడండి. ఏదో ఒక అంకె రావాలి. అసలు ఏమీ రాకపోతే కాయిల్ తెగింది, మార్చాలి. కాయిల్ మాత్రమే మారిస్తే చాలా మోడళ్లలో తాళాలు మళ్లీ రిజిస్టర్ చేయించే పని ఉండదు. కాయిల్, బాక్సు ఒకటే ముక్కగా ఉండే బండ్లలో చేయించాలి. కొనేముందే అడగండి.

తాళం లైటు సరిగానే ఆరింది, అయినా అందుకోదు

అప్పుడు ఇమ్మొబిలైజర్‌ని వదిలేయండి.

కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు "జ్‌జ్" అని మోగి ఆగాలి. మోగకపోతే పంపు ఫ్యూజు, రిలే, కనెక్టర్, ఆ వరసలో చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు ఫ్యూజు మీద ల్యాంపు వెలుగుతూనే ఉండాలి. కీ ఆన్‌లో వెలిగి స్టార్ట్‌లో ఆరిపోతుంటే మళ్లీ ఇగ్నిషన్ స్విచ్చే.

పంపు మోగుతుంటే ప్లగ్గులు విప్పండి. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్క్ రావడం లేదు. ఎంతసేపు తిప్పినా పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి ఉన్నప్పుడు ప్లగ్గులు ఆరబెట్టి బిగించి, యాక్సిలరేటర్‌ని పూర్తిగా కిందికి తొక్కి పట్టి ఐదు నుంచి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు అందే బండ్లలో చాలావాటిలో అలా తొక్కితే ఇంజెక్టర్లు ఆగి, లోపల నిండిన పెట్రోలు బయటికి పోతుంది. స్పార్క్ చూడటానికి ప్లగ్గుని చేత్తో పట్టుకోకండి, ఎర్త్‌కి క్లిప్పు ఉన్న స్పార్క్ టెస్టర్ వాడండి.

స్పార్కూ లేదు, ఇంజెక్షనూ లేదు, తాళం లైటు బాగుంది. ఇలా ఉంటే క్రాంక్ సెన్సర్. మన ఎండల్లో దీని తీరు ప్రత్యేకంగా ఉంటుంది. హైవే మీద నడిచి నడిచి ఒంగోలు, కావలి మధ్య ఎక్కడో ఆగిపోతుంది, సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఎంతకీ అందుకోదు. అరగంట చెట్టు నీడన నిలిపితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. సెన్సర్ లోపలి సన్న తీగ వేడికి విడిపోయి, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఆగినప్పుడే సెన్సర్ ఒంటి మీద తడిగుడ్డ వేసి చల్లార్చి చూడండి. దాంతో అందుకుంటే సందేహం లేదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెం కూడా లేవకపోవడం ఇంకో గుర్తు, అయితే అన్ని మోడళ్లలోనూ ఆ ముల్లు లేవదు.

పాత మెకానికల్ పంపు డీజిల్ బండి అయితే కీ ఆన్ చేసినప్పుడు పంపు మీద డీజిల్‌ని వదిలే, ఆపే స్టాప్ సోలినాయిడ్ "టక్" అనాలి. అనకపోతే దానికి కరెంటు రావడం లేదు. సోలినాయిడ్ బాగుండి పొద్దున మాత్రమే మొండికేస్తుంటే చల్లటి ఇంజన్‌ని లోపల వేడెక్కించే గ్లో ప్లగ్గులు చూపించండి.

ఎలుకలు, అలారాలు, వరద నీళ్లు

గడ్డివామి పక్కనో, ధాన్యం బస్తాలు దించే షెడ్డులోనో నిలిపే బండికి కోతల కాలంలో ఎలుక తప్పదు. ఇంజన్ వెచ్చదనానికి గేర్‌బాక్సు పైన, బ్యాటరీ ట్రే కింద, హెడ్‌లైట్ వెనక చేరుతుంది. గడ్డి పోచలు, వడ్ల పొట్టు కనిపిస్తే అక్కడి వైర్లన్నీ టార్చి వేసి ఒక్కొక్కటీ చూడండి. తెగిన వైరుని మెలితిప్పి టేపు చుట్టడం చాలదు. సోల్డరు పెట్టి, వేడికి బిగిసే హీట్ ష్రింక్ స్లీవు తొడగాలి.

బయటి షాపులో వేయించిన అలారం, సెంట్రల్ లాకింగ్, జీపీఎస్ ట్రాకర్ కూడా అనుమానించాల్సినవే. కొన్ని అలారాలు సెల్ఫ్ వైరునో ఇగ్నిషన్ వైరునో కోసి మధ్యలో తమ రిలే పెడతాయి. ఏడెనిమిదేళ్లకి ఆ రిలే కాలుతుంది, లక్షణాలు అచ్చం కంపెనీ ఇమ్మొబిలైజర్ పోయినట్టే ఉంటాయి. స్టీరింగ్ కింద నల్ల టేపు చుట్టిన మెలికలు కనిపిస్తే అవి ఎక్కడికి పోతున్నాయో ముందు చూడండి. గ్యాసు కిట్టు ఉన్న బండిలో ఇంజెక్టర్లని ఆపే ఎమ్యులేటర్ కూడా ఇలాగే మోసం చేస్తుంది.

రెండు రోజులు నిలిపితే బ్యాటరీ దిగిపోతుంటే వీటిలో ఏదో ఒకటి కరెంటు తాగుతోంది. బ్యాటరీ మైనస్ విప్పి, ముల్లుకీ వైరుకీ మధ్య మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, డోర్లు మూసి అరగంట ఆగి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోతే ఎక్కడ పడిపోతుందో అదే దోషి. మల్టీమీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి, దాని లోపలి ఫ్యూజు పోతుంది.

2015 నవంబరు, డిసెంబరుల్లోనూ 2023 డిసెంబరులోనూ చెన్నై మునిగింది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి ఇలాంటి నీళ్లలో ఉండి వచ్చిందేమో చూడాలంటే డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తండి. కింద ఒండ్రు, సీటు పట్టాల బోల్టులకి తుప్పు, అక్కడి కనెక్టర్లలో పచ్చ చిలుము ఉంటే స్టార్టింగ్ ట్రబుల్ ఒక రోజు వచ్చి ఒక రోజు పోతుంది. అలాంటి బండిలో ఏ బాక్సూ మార్చకముందు కనెక్టర్లన్నీ విప్పి శుభ్రం చేయించాలి.

స్కానర్, షెడ్డు, కొత్త తాళం

ఇంతదాకా చూసి తేలకపోతే స్కానర్ పెట్టించండి. ఫోనుకి కలిసే చవక రకం బ్లూటూత్ స్కానర్ ఇంజన్ కోడ్లు చదువుతుంది కానీ ఇమ్మొబిలైజర్ బాక్సుతో చాలావరకు మాట్లాడలేదు. 2010కి ముందు బండ్లలో కొన్నిటితో అసలు కలవదు. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, పీ0340 క్యామ్ సెన్సర్ సర్క్యూట్, పీ0513 తాళం సరిపోలేదని, యూ0167 ఇమ్మొబిలైజర్ బాక్సుతో సంబంధం తెగిందని అర్థం. యూ0167 రాగానే బాక్సు కొనకండి, ముందు దాని ఫ్యూజు, ఎర్త్, కనెక్టర్ చూడమనండి. కోడ్లు చెరిపేముందు ఫోటో తీసుకోండి.

షెడ్డులో "పాత ఈసీఎం తెచ్చి వేస్తాం" అంటే, దాంతోపాటు అదే బండి ఇమ్మొబిలైజర్ బాక్సు, తాళం చిప్పు కూడా జతగా వస్తున్నాయా అని అడగండి. జత కాకపోతే కోడింగ్ చేస్తేగానీ స్టార్ట్ కాదు. కోడింగ్ చేసే మనిషి, యంత్రం ఉన్నాయని తేలాకే డబ్బు ఇవ్వండి. ఇమ్మొబిలైజర్‌ని తీసేసి డైరెక్ట్ చేయించుకోవడం మాత్రం వద్దు. బండికి ఉన్న రక్షణ పోతుంది, రేపు దొంగతనం క్లెయిమ్‌లో చిక్కు వస్తుంది. అలాంటి క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు కాబట్టి ఒకటి పోయినా నిర్లక్ష్యం చేయకండి.

కొత్త తాళం రిజిస్టర్ చేయించడానికి వెళ్లేటప్పుడు ఆర్సీ, ఆధార్, ఉన్న తాళాలన్నీ, కొన్నప్పుడు తాళాలతో ఇచ్చిన నంబరు బిళ్ల తీసుకెళ్లండి. చాలా బండ్లలో కొత్త తాళం ఎక్కించేటప్పుడు పాతవన్నీ చెరిగిపోతాయి, అక్కడ లేని తాళం ఇక పనిచేయదు. పని అయ్యాక ప్రతి తాళంతోనూ విడివిడిగా స్టార్ట్ చేసి, ఒక్కోదానితో కనీసం అర నిమిషం ఇంజన్ నడిచిందని చూసుకున్నాకే బిల్లు కట్టండి.